బీరువాలో ఉరుము

నియాసిన్ అన్న పేరు మొదటిసారి సీడీ అట్ట మీద చూసినప్పుడు, ఏ మందుల కంపెనీవాళ్లో డాక్టర్లకు ఉచితంగా పంచిన పాటలేమో అనుకున్నాను. తప్పు పూర్తిగా నాది కాదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్న నగరంలో బతుకుతున్నాను. జొన్న తిండి మీదే ఆధారపడ్డ దక్కన్ పేదల్లో కనిపించే పెల్లాగ్రా జబ్బుకూ నియాసిన్ లోపానికీ ఉన్న లంకె ఏమిటని 1960ల్లో ఇక్కడి శాస్త్రవేత్తలు తలలు బద్దలు కొట్టుకున్నారు. నియాసిన్ అంటే విటమిన్ బి-3. తీరా చూస్తే కిటుకంతా ఆ ‘బి-3’లోనే ఉంది. హామండ్ కంపెనీ ఆర్గన్లలో అన్నిటికన్నా పేరుమోసిన మోడల్ పేరు కూడా బి-3యే. ఆ సీడీ చేసిన నియాసిన్ బృందం నడిచేది దాని చుట్టూనే.

1996లో అమెరికాలో జతకట్టారు ముగ్గురు. ఆర్గన్ మీద జాన్ నొవెల్లో. ‘ద కాంటెంపరరీ కీబోర్డిస్ట్’ అని లావుపాటి పాఠ్యపుస్తకం రాసిన మనిషి. బేస్ గిటార్ బిల్లీ షీహన్. ‘టు బి విత్ యు’ అనే మెత్తటి ప్రేమపాటతో 1992లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికెక్కిన మిస్టర్ బిగ్ రాక్ బృందంలోవాడు. ఆ పాట విని ఇతని బేస్ ఇలా ఉంటుందని ఊహించడం అసాధ్యం. డ్రమ్స్ మీద బాల్టిమోర్ డెనిస్ ఛాంబర్స్. పద్దెనిమిదేళ్లకే పార్లమెంట్-ఫంకడెలిక్ మూకలో చేరి ఫంక్ తాళాన్ని ఒంటబట్టించుకున్నవాడు.

ముందు ఆ బీరువా సంగతి చెప్పాలి. బీరువా అని ఊరికే అనడం లేదు. పెడళ్లు, బెంచీతో కలిపి బి-3 దాదాపు 190 కిలోలు తూగుతుంది. దీన్ని కనిపెట్టిన లారెన్స్ హామండ్ మొదట గడియారాలు చేసేవాడు. గడియారాన్ని తప్పకుండా నడిపే సింక్రనస్ మోటారునే తెచ్చి, 1935లో ఆర్గన్‌లో పెట్టాడు. పైపుల ఆర్గన్ కొనే స్తోమత లేని చర్చిల కోసం చేసిన వాద్యమిది. బి-3 లోపల 91 పళ్లచక్రాలు ఒక్కో అయస్కాంతం ముందు ఒక్కోటి తిరుగుతుంటాయి. చక్రం పన్ను అయస్కాంతాన్ని దాటిన ప్రతిసారీ తీగచుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. అదే స్వరం. వాయించేముందు ‘స్టార్ట్’ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లోపల చక్రాలు గురగురమంటూ వేగం అందుకున్నాకే ‘రన్’ మీట వెయ్యాలి. ఆటోను తాడు లాగి స్టార్ట్ చేసిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. మెట్టు నొక్కగానే ‘టిక్’మని చిన్న చప్పుడు వస్తుంది. హామండ్ దృష్టిలో అది లోపం. జాజ్ వాళ్లకేమో అదే రుచి, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు.

ఈ పెట్టెను జాజ్‌లో గద్దెనెక్కించినవాడు జిమ్మీ స్మిత్. 1956లో బ్లూ నోట్ కంపెనీకి తొలి రికార్డులు చేశాడు. ఎడమచేత్తో బేస్ నడుపుతూ, పాదంతో పెడల్ తట్టి దానికి బరువిస్తూ, కుడిచేత్తో చెలరేగిపోయేవాడు. దాంతో ఆర్గన్ త్రయం అంటే ఆర్గన్, గిటార్, డ్రమ్స్ అని స్థిరపడిపోయింది. బేసువాడితో పనే లేదు. ఒక మనిషి జీతం మిగిలింది కూడా.

నియాసిన్ ఈ లెక్కను తిరగేసింది. గిటారువాణ్ని పంపించేసి, బేసువాణ్ని పిలిచింది. పిలిచింది కూడా ఎవర్ని? బేస్‌ను ఓ మూలన నిలబెట్టడం బొత్తిగా చేతకాని షీహన్‌ను. కుడిచేతి మూడువేళ్లతో మీటుతూ, రెండుచేతులతో మెట్ల మీద కొడుతూ, ఒక్కోసారి గిటారు లేదన్న సంగతే మరిపిస్తాడు. నొవెల్లో ఎడమచేతికి కూలిపని తప్పింది. ఆ చెయ్యి ఖాళీ అయ్యాక ఏం చేస్తుందో వినడమే ఈ ఆల్బమ్‌ల అసలు ఆనందమని నాకు తట్టడానికి నాలుగైదు వినికిళ్లు పట్టింది. మొదట్లో డ్రమ్సే విన్నాను. ఛాంబర్స్ ఉన్నచోట ఎవరైనా చేసే పొరపాటే అది.

కొత్తగా వినేవాళ్లు బృందం పేరే పేరుగా వచ్చిన తొలి ఆల్బమ్‌తో కాక, 1998 నాటి ‘హై బయాస్’తో మొదలుపెట్టండి. అందులో వెదర్ రిపోర్ట్ వాళ్ల ‘బర్డ్‌లాండ్’ ఉంది. జాజ్ పియానిస్టు చిక్ కొరియా అతిథిగా వచ్చి వాయించాడు. క్యాసెట్ల కాలం చూసినవాళ్లకి ‘హై బయాస్’ అన్న పేరు చూస్తే చిన్న నవ్వు రావాలి. ఖరీదైన ఖాళీ క్యాసెట్ల మీద ఉండేవి ఆ రెండు మాటలే. 2000లో వచ్చిన ‘డీప్’లో రాక్ పాలు ఎక్కువ. నన్నడిగితే 2001 నాటి ‘టైమ్ క్రంచ్’ అందరికీ నచ్చేది కాదు, ఊపిరాడనంతగా కిక్కిరిసింది. కానీ కింగ్ క్రిమ్సన్ ‘రెడ్’, జెఫ్ బెక్ వాయించిన ‘బ్లూ విండ్’ అందులోనే ఉన్నాయి. రెండూ గిటారు ఏలిన రచనలు. గిటారే లేని బృందం వాటిని ఎత్తుకుందంటే తొడగొట్టినట్టే. ‘రెడ్’లో ఆర్గన్ బరువు గిటారు కన్నా ఒక పిసరు ఎక్కువే తూగుతుంది. తర్వాతవి ‘ఆర్గానిక్’ 2005లో, ‘క్రష్’ 2013లో వచ్చాయి.

ఇవి విన్నాక వెనక్కి వెళ్లకుండా ఉండలేం. వెళితే 1969 దగ్గర ఆగుతాం. పదిహేడేళ్లకే మైల్స్ డేవిస్ పక్కన కూర్చున్న డ్రమ్మర్ టోనీ విలియమ్స్, ‘లైఫ్‌టైమ్’ పేరుతో సొంత త్రయం పెట్టి ‘ఎమర్జెన్సీ!’ అనే జంట ఆల్బమ్ చేశాడు. ఆర్గన్ మీద లారీ యంగ్, గిటార్ ఇంగ్లండు నుంచి వచ్చిన జాన్ మెక్‌లాఫ్లిన్. రికార్డింగ్ ఎంత బరబరలాడుతుందంటే స్పీకర్ పాడైందేమోనని లేచి చూశాను. లారీ యంగ్ ఆర్గన్ అందులో పొగలా పాకుతుంది. 37 ఏళ్లకే, 1978లో పోయాడు. జాజ్‌నీ రాక్‌నీ కలిపే సంగీతానికి ఫ్యూజన్ అనే పేరు నలగకముందే ఆ పని చేసేసిన మనిషికి దక్కాల్సిన పేరు దక్కలేదని నా ఫిర్యాదు.

మా పెదనాన్న ఒకప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఆయనకు ‘హై బయాస్’ పెట్టాను. కళ్లు మూసుకుని పది నిమిషాలు విన్నారు.

“ఏరా, వీడు తిత్తి ఎప్పుడు వేస్తున్నాడు?”

“తిత్తి లేదు పెదనాన్నా. కరెంటు.”

“మరి ఆ ఊపిరెక్కడిది?”

ఆయన పట్టుకున్నది సరిగ్గా అదే. హామండ్ స్వరం మెట్టు వదిలేదాకా ఒకే తీరుగా నిలబడుతుంది. ఊపిరి దానిది కాదు. పక్కనుండే లెస్లీ స్పీకర్ పెట్టెది. అందులో కొమ్ముబూర గిరగిర తిరుగుతుంటుంది. నెమ్మదిగా తిప్పితే స్వరం ఊగుతుంది, జోరుగా తిప్పితే వణుకుతుంది. వేగం మారే ఆ రెండు మూడు సెకన్లలోనే గుండె లేచొస్తుంది. చిత్రమేమంటే, ఆ పెట్టె అంటే హామండ్‌గారికే గిట్టేది కాదట.

మాట మెక్‌లాఫ్లిన్ మీదికి మళ్లినప్పుడు, ఆయన తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో మన మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి వాయించాడని చెప్పాను. పెదనాన్న నిటారుగా కూర్చున్నారు.

“పాలకొల్లు కుర్రాడా?”

“అవును. మెక్‌లాఫ్లిన్ న్యూయార్క్‌లో దిగిన నెలలోనే పుట్టాడు. 1969 ఫిబ్రవరి.”

“బాగుంది. మళ్లీ మొదట్నుంచి పెట్టు,” అన్నారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. “ఈసారి ఆ డప్పువాడి సంగతి చూస్తాను.”