పదవి వీడిన పిదప: ప్రమాణము, చట్టము

ప్రభుత్వ పదవి ఒక అమానతు. పదవిలో ఉండగా లంచం పుచ్చుకోవడం ఆ అమానతుకు ద్రోహమని అందరూ అంగీకరిస్తారు. మరి పదవి వీడిన మరునాడే, ఆ పదవి వల్ల కలిగిన పరిచయాలను ధనవంతులైన సంస్థలకు అమ్ముకుంటే? ఈ ప్రశ్నకు అమెరికా ఇచ్చిన సమాధానం పరిశీలించదగినది.

అక్కడ అధ్యక్షుడు మారినప్పుడల్లా సుమారు 4,000 రాజకీయ నియామకాలు జరుగుతాయి. అలా వచ్చినవారిలో అనేకులు వ్యాపార సంస్థల నుండి వచ్చి, తిరిగి అక్కడికే పోతారు. రుసుము తీసుకొని ఒకరి పక్షాన ప్రభుత్వం వద్ద పైరవీ చేయడాన్ని అక్కడ లాబీయింగ్ అంటారు. అది చట్టసమ్మతమైన వృత్తే. అయితే నిన్నటి అధికారి నేడు పైరవీకారుడై తన శాఖకే వస్తే, అతని మాటను కాదనడం పాత సహోద్యోగులకు కష్టం. సామాన్యుని అర్జీ వెనుకబడిపోతుంది.

అందుచేత చట్టం కొన్ని హద్దులు గీసింది. ఉన్నతాధికారి ఒక సంవత్సరం వరకు, అత్యున్నత స్థాయివారు రెండు సంవత్సరాల వరకు తమ పూర్వపు శాఖల వద్ద ఇతరుల పక్షాన పైరవీ చేయరాదు. ఉల్లంఘిస్తే శిక్ష ఉంది.

ఈ గడువు చాలదని తలచిన అధ్యక్షులు తమ ఉత్తర్వుల ద్వారా అదనపు ప్రమాణాలు చేయించారు. 1993లో క్లింటన్ ఈ నిషేధాన్ని ఐదేళ్లకు పెంచారు. 2009లో ఒబామా, తాము లాబీయింగ్ చేసిన శాఖలోనే రెండేళ్లలోపు ఉద్యోగం చేయరాదని నియమం పెట్టారు. కొద్ది దినాలకే రక్షణశాఖ ఉపమంత్రి పదవి విషయంలో మినహాయింపు ఇచ్చారు. 2017లో ట్రంప్ తిరిగి ఐదేళ్ల ప్రమాణం చేయించారు.

అయితే వీటి ముగింపు ఏమిటి? క్లింటన్ 2000 డిసెంబరు 28న తన ఉత్తర్వును తానే రద్దుచేసి, ప్రమాణం చేసినవారిని విముక్తులను చేశారు. ట్రంప్ కూడా 2021 జనవరిలో పదవి వీడే ముందు అదే చేశారు. ఆ నెలలోనే బైడెన్ జారీచేసిన ఉత్తర్వు 2025 జనవరి 20న, కొత్త ప్రభుత్వపు మొదటి రోజునే రద్దయింది.

ప్రమాణపు అవసరం ఉద్యోగి పదవి వీడిన నాడే ఆరంభమవుతుంది. సరిగ్గా ఆ వేళకే దానిని తుడిచివేయగలిగితే అది ఎవరిని కట్టడి చేస్తుంది? ఒకరి కలంతో పుట్టిన నియమం మరొక కలంపోటుతో పోతుంది. శాసనసభ చేసిన చట్టాన్ని మాత్రం అధ్యక్షుడు ఒక్కడే కొట్టివేయలేడు. అమానతును కాపాడదలచిన ప్రజలు నాయకుల ప్రమాణాలను విని తృప్తిపడక, ఆ హద్దులను చట్టంలోనే వ్రాయించుకోవాలి.