వసతిగృహాల్లో భాగస్వామ్యం: భారం ఎవరిపై?

అభన్‌పూర్ (రాయ్‌పూర్ జిల్లా): ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ నుంచి ధమ్తరి వెళ్లే దారిలో, వరి పొలాల నడుమ ఉన్న చిన్న పట్టణం అభన్‌పూర్. తెలుగువారికి ఈ దారి కొత్తది కాదు. ఒకనాటి 43వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు దాటి విజయనగరం సీమకు చేరేది. నేటి 30వ నంబరు జాతీయ రహదారి ఇక్కడి నుంచి కుంట, భద్రాచలం మీదుగా విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం వరకు సాగుతోంది. విశాఖపట్నం దిశగా తలపెట్టిన 464 కిలోమీటర్ల ఆరు వరుసల ఆర్థిక నడవా కూడా అభన్‌పూర్ చెంతనున్న ఝాంకీ వద్దనే మొదలవుతుంది. రహదారుల కూడలిగా పేరొందిన ఈ ప్రాంతం ఇప్పుడు చదువుల కూడలిగానూ మారింది. దానితోపాటే దూర ప్రాంతాల విద్యార్థులు ఎక్కడ ఉండాలి, ఆ వసతిని ఎవరు నిర్మించాలి, దాని ఖర్చు ఎవరు మోయాలి అన్న ప్రశ్నలు తలెత్తాయి.

పొలాల్లో వెలసిన ప్రాంగణాలు

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం అవతరించాక పాత రాయ్‌పూర్‌కు ఆగ్నేయంగా కొత్త రాజధాని నిర్మాణానికి పూనుకున్నారు. 2012 నవంబరులో సచివాలయం అక్కడికి తరలింది. 2018లో ఆ నగరానికి అటల్ నగర్ అని పేరు పెట్టారు. అభన్‌పూర్ పరిధిలోని ఉపర్‌వారా గ్రామంలో హిదాయతుల్లా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం నెలకొంది. 2003లో ఏర్పడిన ఈ సంస్థ పూర్తిగా ఆవాస విశ్వవిద్యాలయం. రాష్ట్ర ప్రభుత్వం, జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ (ఎన్‌టీపీసీ) ఉమ్మడిగా నెలకొల్పిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో 2015లో తరగతులు మొదలయ్యాయి. 2010లో సేజ్‌బహార్‌లోని ప్రభుత్వ ఇంజినీరింగు కళాశాల భవనాల్లో ప్రారంభమైన భారతీయ మేనేజ్‌మెంట్ సంస్థ (ఐఐఎం) సైతం తరువాత ఈ కొత్త నగరంలోని సొంత ప్రాంగణానికి చేరింది.

సాధారణంగా ఊరు పెరిగాక కళాశాల వస్తుంది. ఇక్కడ జరిగింది అందుకు భిన్నం. కళాశాలలు ముందు వచ్చాయి, జనం నెమ్మదిగా వస్తున్నారు. పాత నగరాల్లో కళాశాల చుట్టూ అద్దెగదులు, భోజనశాలలు, ప్రైవేటు హాస్టళ్లు వాటంతటవే పుట్టుకొస్తాయి. పొలాల మధ్య వెలసిన ప్రాంగణానికి ఆ సౌకర్యం లేదు. 2025 మార్చి 30న రాయ్‌పూర్, అభన్‌పూర్ మధ్య కొత్త బ్రాడ్‌గేజ్ మార్గంలో మెమూ రైలును ప్రధానమంత్రి ప్రారంభించే వరకు ఇటు రైలు సౌకర్యం కూడా అరకొరే. ఇటువంటి చోట వసతిగృహం లేకపోతే సీటు వచ్చినా చదువు రాదు.

భాగస్వామ్యం తీరు

భవనాలకు నిధులు చాలని విశ్వవిద్యాలయాలు ప్రైవేటు పెట్టుబడి వైపు చూడడం బ్రిటన్‌లో 1990 దశకంలో ఊపందుకుంది. 1991లో బ్రిస్టల్ నగరంలో యునైట్ సంస్థ, 1998లో యూపీపీ సంస్థ ఏర్పడ్డాయి. యూపీపీ పద్ధతిలో విశ్వవిద్యాలయం తన స్థలాన్ని దీర్ఘకాలిక లీజుకు ఇస్తుంది. సంస్థ అప్పు తెచ్చి వసతిగృహం కట్టి, కొన్ని దశాబ్దాలపాటు నిర్వహించి, విద్యార్థుల అద్దె నుంచి అప్పు తీర్చుకుంటుంది. గడువు ముగిశాక భవనం విశ్వవిద్యాలయం పరమవుతుంది. 2013లో ఈ సంస్థ ఆరు విశ్వవిద్యాలయాల వసతిగృహాల అద్దె రాబడిని ఆధారంగా చూపి బాండ్ల ద్వారా 38 కోట్ల పౌండ్లకు పైగా సమీకరించింది. విద్యార్థి కట్టే గది అద్దె పింఛను నిధులకు, బీమా కంపెనీలకు పెట్టుబడి మార్గంగా మారిందని దీనివల్ల రుజువైంది.

భారతదేశంలోనూ ఆ గాలి వీచింది. మణిపాల్ విద్యాసంస్థల ప్రాంగణాల్లో వసతిగృహాలు నిర్వహించిన గుడ్ హోస్ట్ స్పేసెస్ అనే సంస్థలో విదేశీ పెట్టుబడి సంస్థలు వాటాలు తీసుకున్నాయి. ఆ సంస్థలో తనకున్న వాటాను సుమారు 232 కోట్ల రూపాయలకు విక్రయించేందుకు 2021లో గృహరుణ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ ఒప్పందం చేసుకుంది. ప్రభుత్వ రంగంలో 2017లో కేంద్ర ప్రభుత్వం, కెనరా బ్యాంకు కలిసి ఉన్నత విద్యా ఆర్థిక సంస్థను (హెఫా) స్థాపించాయి. పూర్వం గ్రాంటుగా వచ్చిన నిర్మాణ నిధులు ఈ విధానంలో రుణంగా వస్తాయి. అసలులో ఎంత భాగం విద్యాసంస్థ తీర్చాలన్నది ఆ సంస్థ వయస్సును బట్టి నిర్ణయిస్తారు.

పడక లెక్క

వసతిగృహం ఆర్థిక స్వరూపాన్ని ఒక ఊహాలెక్కతో గ్రహించవచ్చు. భవనం, మంచం, మరుగుదొడ్లు, వంటశాల అన్నీ కలిపి ఒక్కో పడకకు 5 లక్షల రూపాయలు ఖర్చయిందనుకుందాం. ఆ మొత్తాన్ని 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో అప్పు తెస్తే ఏటా సుమారు 54,800 రూపాయల వాయిదా చెల్లించాలి. విద్యా సంవత్సరం 10 నెలలుగా తీసుకుంటే నెలకు 5,480 రూపాయలు అవుతుంది. ఇందులో భోజనం లేదు, విద్యుత్తు లేదు, కాపలాదారు జీతం లేదు. పడకల్లో ఐదో వంతు ఖాళీగా ఉంటే మిగిలిన ప్రతి విద్యార్థిపై ఈ భారం సుమారు 6,850 రూపాయలకు పెరుగుతుంది.

ఈ భారాన్ని తగ్గించే సాధనం ప్రభుత్వ మూలధన సహాయం. ఆర్థికంగా గిట్టుబాటు కాని ప్రాజెక్టులకు లోటు భర్తీచేసే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2020 నవంబరులో విద్య, వైద్య రంగాలకు విస్తరించింది. 2024-25 వరకు ఆమోదించిన ఆ పథకం కింద ఈ రంగాల్లోని ప్రయోగాత్మక ప్రాజెక్టులకు కేంద్రం 40 శాతం వరకు, రాష్ట్రం మరో 40 శాతం వరకు ఇవ్వవచ్చు. పైన చెప్పిన పడకకు 80 శాతం సహాయం లభిస్తే నెలకు 5,480గా ఉన్న వాయిదా 1,100 రూపాయలకు దిగుతుంది. గిరిజన, వ్యవసాయ కుటుంబాల పిల్లలు అధికంగా ఉన్న రాష్ట్రంలో ఈ తేడాయే చదువు కొనసాగడానికీ, మానడానికీ మధ్య గీత. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో స్థూల ప్రవేశాల నిష్పత్తి తెలంగాణలో 40 శాతం కాగా ఛత్తీస్‌గఢ్‌లో 20 శాతానికి లోపే. 2035 నాటికి దేశమంతటా దీనిని 50 శాతానికి చేర్చాలన్నది 2020 జాతీయ విద్యావిధానం లక్ష్యం.

ఖాళీ పడకల బాధ్యత

ఒప్పందాల్లో అసలు ముడి ఖాళీ పడకల దగ్గరే పడుతుంది. అమెరికాలోని జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ 2015లో తొమ్మిది ప్రాంగణాల వసతిగృహాలను 65 సంవత్సరాల ఒప్పందంపై కోర్వియాస్ అనే ప్రైవేటు సంస్థకు అప్పగించింది. 2020లో కరోనా వ్యాధి ప్రబలిన వేళ, వసతిగృహాల్లో విద్యార్థుల సంఖ్యను ఏకపక్షంగా తగ్గించే హక్కు విశ్వవిద్యాలయానికి లేదంటూ ఆ సంస్థ రాసిన లేఖ పెను వివాదమైంది. తాము ఎవరిపైనా ఒత్తిడి తేలేదని సంస్థ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. అదే ఏడాది బ్రిటన్‌లో యునైట్ సంస్థ, ఇళ్లకు వెళ్లిపోయిన విద్యార్థులను ఆఖరి భాగపు అద్దె నుంచి విముక్తులను చేసింది. విపత్తు ఒక్కటే అయినా విద్యార్థులకు ఎదురైన అనుభవం వేరు. ఒప్పందంలో విపత్తుకాలం గురించి ముందే రాసుకోకపోతే ఆరోగ్యానికీ, ఆదాయానికీ పోటీ తప్పదని ఈ ఉదంతాలు హెచ్చరిస్తున్నాయి.

పన్నుల చిక్కు

విద్యాసంస్థ తన విద్యార్థులకు తానే వసతి కల్పిస్తే వస్తుసేవల పన్ను ఉండదు. బయటి సంస్థ నడిపితే ఏమిటన్నది చాలాకాలం తేలలేదు. వసతిగృహాలు నివాస గృహాలు కావని, 12 శాతం పన్ను కట్టవలసిందేనని 2023లో బెంగళూరులోని ముందస్తు తీర్పుల సంస్థ చెప్పడంతో ఆందోళన వ్యక్తమయింది. 2024 జూన్ 22న జరిగిన 53వ వస్తుసేవల పన్ను మండలి సమావేశం దీనికి పరిష్కారం సూచించింది. ఒక్కొక్కరికి నెలకు 20,000 రూపాయలకు మించకుండా, కనీసం 90 రోజులు ఏకధాటిగా ఉండే వసతికి మినహాయింపు లభించింది. విశ్వవిద్యాలయాలతో చేతులు కలిపే సంస్థలకు ఇది పెద్ద ఊరట.

అయితే నెలకు 20,000 రూపాయలు పన్ను మినహాయింపు హద్దు మాత్రమే, పేద కుటుంబం తాహతు కాదు. పాత 43వ నంబరు రహదారి తెలుగు కొస అయిన విజయనగరంలో 2020 ఫిబ్రవరి 24న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వసతి దీవెన పథకాన్ని ప్రారంభించింది. డిగ్రీ, ఆపై చదువుల విద్యార్థులకు భోజన, వసతి ఖర్చుల కింద అప్పట్లో ప్రకటించిన సహాయం ఏడాదికి 20,000 రూపాయలు. పన్ను చట్టం ఒక నెలకు ఊహించిన మొత్తం, సంక్షేమ పథకం ఒక సంవత్సరానికి ఇచ్చిన మొత్తం ఒక్కటే. పైన చూపిన పడక వాయిదాలో ఆ సహాయం సగానికి కూడా సరిపోదు.

దాతల నాటి అనుభవం

పెట్టుబడిదారులు రాకముందు తెలుగునాట ఈ భారాన్ని దాతలు మోశారు. 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన ఏటనే, హైదరాబాదులో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో రెడ్డి వసతిగృహం వెలసింది. సంస్థానాధీశుల, సంపన్నుల విరాళాలే దానికి ఆధారం. సురవరం ప్రతాపరెడ్డి దాని నిర్వహణ బాధ్యతలు చూశారు. గ్రామాల నుంచి వచ్చిన యువకులకు అది కూడూ నీడా ఇవ్వడంతోపాటు గ్రంథాలయంగా, చర్చావేదికగా ఉపయోగపడింది. ఆ దాతృత్వం కులాల వారీగా సాగిందన్న పరిమితి ఉన్నప్పటికీ, వసతి దొరికితేనే చదువు అందుతుందన్న సత్యాన్ని అది నిరూపించింది.

నియమాలు ఎవరివి?

వసతిగృహం యజమాని ఎవరన్న ప్రశ్న అద్దెతో ఆగదు, క్రమశిక్షణకూ విస్తరిస్తుంది. 1938లో ఉస్మానియా వసతిగృహాల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించినప్పుడు వారిలో అనేకులకు నాగపూర్ విశ్వవిద్యాలయం ఆశ్రయమిచ్చింది. నాడు రాయ్‌పూర్ కూడా నాగపూర్ రాజధానిగా ఉన్న మధ్య పరగణాల్లోనిదే. ఎనభై ఏళ్ల తరువాత, 2018లో ఉపర్‌వారాలోని న్యాయ విశ్వవిద్యాలయ విద్యార్థులు సాగించిన ఆందోళనలో రాత్రివేళ ఆంక్షలు, గ్రంథాలయ వేళలు ముఖ్యాంశాలయ్యాయి. అక్కడ విద్యార్థులకు జవాబుదారీ ఒక్క విశ్వవిద్యాలయమే కనుక వారు ఎవరిని అడగాలో తెలుసు. ప్రైవేటు నిర్వాహకుడు మధ్యలో ఉంటే ఆహార నాణ్యత, భద్రత, రాత్రి వేళల విషయంలో ఒకరిపై ఒకరు నెపం నెట్టుకునే అవకాశం ఉంది. ఆడపిల్లల వసతిగృహాల్లో ఈ అస్పష్టత మరింత ప్రమాదకరం.

ఊరికి దక్కేదేమిటి?

కొత్త రాజధానికి భూములిచ్చిన రైతులు తమ పునరావాస హామీల కోసం 2022 జనవరి నుంచి దీర్ఘకాలం ధర్నా సాగించారు. వసతిగృహాల విస్తరణలో ఈ గ్రామాలకు వాటా ఉండాలన్న వాదనకు బలం అక్కడినుంచే వస్తుంది. వెయ్యి పడకల వసతిగృహానికి నిత్యం బియ్యం, కూరగాయలు, పాలు కావాలి. వంటవారు, పారిశుద్ధ్య సిబ్బంది, కాపలాదారులు కావాలి. ఇవన్నీ దూరపు గుత్తేదారుల చేతికి పోతే గ్రామస్థుడికి మిగిలేది ప్రహరీగోడ దృశ్యమే. మహిళా స్వయం సహాయక బృందాలకు సరఫరాల్లో స్థానం కల్పించాలని ఒప్పందంలోనే చేర్చడం కష్టమైన పని కాదు.

ప్రైవేటు భాగస్వామ్యాన్ని గుడ్డిగా వ్యతిరేకించినా, గుడ్డిగా ఆహ్వానించినా నష్టపోయేది విద్యార్థే. ప్రవేశాలు పెరుగుతున్నంత వేగంగా ప్రభుత్వ నిధులతో వసతిగృహాలు నిర్మించడం తేలిక కాదు. కనుక పెట్టుబడికి దారి ఇవ్వవచ్చు. కాని ఏటా అద్దె ఎంతకు మించి పెరగరాదో, పేద విద్యార్థులకు ఎన్ని పడకలు కేటాయించాలో, ఖాళీ పడకల నష్టం ఎవరిదో, విద్యార్థి ఫిర్యాదుకు తుది జవాబు ఎవరివ్వాలో సంతకాలకు ముందే తేల్చి, ఆ షరతులను ప్రజల ముందు ఉంచాలి. నేడు చేరే విద్యార్థి నాలుగైదేళ్లలో పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. ఒప్పందం మాత్రం అతని పిల్లలు చదువుకునే నాటికీ అమలులోనే ఉంటుంది.