ఒక్క 'ఎ' చేసే పని

పిల్లలచేత ఇంగ్లీషు పాఠం చదివించేటప్పుడు మనల్ని తికమక పెట్టేవి పెద్ద పెద్ద మాటలు కావు. 'ఎ', 'యాన్', 'ది' అనే మూడు చిన్న మాటలు. తెలుగులో వీటి అవసరం మనకి లేదు. "గిన్నె తీసుకురా" అంటే ఏ గిన్నో సందర్భాన్నిబట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం, ఏదో ఒక గిన్నె అయితే 'ఎ', మనిద్దరికీ తెలిసిన ఆ గిన్నే అయితే 'ది' అని ముందుగా చెప్పి తీరాలి.

మన ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకోండి. ఇంగ్లీషులో దాన్ని 'ఆనికట్' అంటారు. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర గోదావరికి ఒక ఆనకట్ట కట్టించారు. మొదటిసారి చెబుతున్నాం గనక 'యాన్ ఆనికట్'. ఆ ఆనకట్ట వల్ల డెల్టా పచ్చబడింది. ఏదో తెలిసిపోయింది గనక ఇప్పుడు 'ది ఆనికట్'.

అచ్చుతో పలికే మాట ముందు 'ఎ' కాస్తా 'యాన్' అవుతుంది. చూడవలసింది అక్షరం కాదండీ, శబ్దం. గంట అనే 'అవర్' హెచ్‌తో మొదలైనా 'యాన్ అవర్' అనాలి. 'యూనివర్సిటీ' యు అక్షరంతో మొదలైనా 'ఎ యూనివర్సిటీ' అనాలి.

నదులకి, సముద్రాలకి 'ది' కావాలి: 'ది గోదావరి', 'ది బే ఆఫ్ బెంగాల్'. ఊళ్ళకి అక్కర్లేదు. రాజమండ్రి, అమలాపురం, నరసాపురం ఉత్తినే రాయాలి.

పిల్లవాడు చదువుకోడానికి వెడితే 'గో టు స్కూల్'. తల్లి జీతం కట్టడానికి వెడితే 'గో టు ది స్కూల్'. చదువుకోసం కాదు, ఆ భవనానికి వెడుతున్నాం కదా!

బియ్యం, పంచదార లెక్కపెట్టం, కొలుస్తాం. అందుకని 'ఎ రైస్' అనకూడదు. 'సమ్ రైస్' అనో, 'ఎ కిలో ఆఫ్ రైస్' అనో అనాలి.

తెలుగులో "నా ఈ చీర" అంటాం. ఇంగ్లీషులో 'మై దిస్ శారీ' కుదరదు. 'ఎ', 'ది', 'మై', 'దిస్' అన్నిటికీ కలిపి ఒక్కటే పీట. ఒకరు కూర్చున్నాక రెండోవారికి చోటుండదు. అంచేత 'దిస్ శారీ ఆఫ్ మైన్' అనాలి.

ఇంత చిన్నమాటకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. మనవాళ్ళు ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరుగారు 'దేర్ ఈజ్ ఎ లిటిల్ హోప్' అంటే, కాస్త ఆశ ఉందని అర్థం. అందులో ఆ 'ఎ' తీసేసి 'దేర్ ఈజ్ లిటిల్ హోప్' అన్నారా, ఆశ ఇంచుమించు లేదన్నట్టే! 'ఎ ఫ్యూ'కీ 'ఫ్యూ'కీ కూడా ఇదే తేడా.

రేపు సరుకుల చీటీ ఓసారి ఇంగ్లీషులో రాసి చూడండి. ప్రతి వస్తువు దగ్గరా లెక్కపెట్టేదా, కొలిచేదా, ఏదో ఒకటా, తెలిసినదేనా అని ప్రశ్నించుకోండి. నాలుగు రోజుల్లో అదే అలవాటవుతుంది.