తేలని ఫలితాలు: ఎండోమెట్రియల్ క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత

గర్భాశయపు లోపొరలో పుట్టే ఎండోమెట్రియల్ క్యాన్సర్, అమెరికాలో స్త్రీల జననేంద్రియ క్యాన్సర్లన్నిటిలోకీ ఎక్కువగా కనిపించేది. చాలామందిలో ఇది గర్భాశయం దాటకముందే బయటపడుతుంది. అటువంటివారిలో ఐదేళ్ళ మనుగడ సుమారు 95 శాతం. శస్త్రచికిత్స ముగియగానే గండం గడిచిందని కుటుంబం ఊపిరి పీల్చుకుంటుంది. పాథాలజీ నివేదిక వచ్చేది ఆ తరువాతే. 2021 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సమాఖ్య నిబంధనల వల్ల ఇటువంటి ఫలితాలను ఆసుపత్రులు సాధారణంగా ఆపి ఉంచడం లేదు. డాక్టరు మాట్లాడకముందే అవి రోగి ఫోనులోకి చేరుతున్నాయి. వాటిలో అటూ ఇటూ కాని మాట ఒకటి ఎదురైతే, ముందుగా అది ఏ రకం సందేహమో గుర్తించాలి.

మొదటి రకం, మరో పరీక్షతో తీరే సందేహం. కణితిలో ఎంఎల్‌హెచ్1 అనే ప్రొటీన్ లోపించిందని నివేదికలో ఉంటే, లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య స్థితిని అనుమానిస్తారు. అయితే ఎక్కువసార్లు ఆ జన్యువు మిథైలేషన్ అనే రసాయనిక మార్పు వల్ల కణితిలో మాత్రమే మూతపడి ఉంటుంది. అది వారసత్వంగా వచ్చింది కాదు. మిథైలేషన్ పరీక్ష జరిగిందా అని డాక్టరును అడగాలి.

రెండవ రకం, కాలం మీద తీరేది. రక్తంతో చేసే జన్యుపరీక్షలో ‘ప్రాముఖ్యం తేలని మార్పు’ అని రావచ్చు. జన్యు సమాచార నిధుల్లో ఐరోపా మూలాలవారి నమూనాలే అధికం కనుక, దక్షిణాసియావారికి ఈ జవాబు తరచుగా వస్తుంది. మనలో మామూలైన మార్పు కూడా అక్కడ అరుదైనదిగా కనబడవచ్చు. తిరిగి వర్గీకరించినప్పుడు వీటిలో అధికభాగం హానిలేనివిగా తేలుతున్నాయి. కేవలం దీని ఆధారంగా అక్కచెల్లెళ్ళూ కూతుళ్ళూ ముందుజాగ్రత్త శస్త్రచికిత్సలకు సిద్ధపడటం తగదు. వర్గీకరణ మారిందేమో జెనెటిక్ కౌన్సిలర్‌ను అప్పుడప్పుడూ అడుగుతూ ఉండాలి.

మూడవ రకం, పూర్తిగా తీరనిది. లింఫ్ గ్రంథిని పలుచని పొరలుగా కోసి ప్రత్యేక రంగులతో చూసినప్పుడు, 0.2 మిల్లీమీటర్లు మించని క్యాన్సర్ కణాల గుంపు కనిపించవచ్చు. దాన్ని నమోదు చేస్తారు కాని, దానివల్ల స్టేజి పెంచరు. పాత పద్ధతిలో చూసి ఉంటే బహుశా అది కంటబడేదే కాదు. దానికి అదనపు చికిత్స అవసరమా అన్నది కణితి రకాన్నీ, లోతునూ బట్టి నిర్ణయించవలసిన విషయం.

అధిక చికిత్స ఎల్లవేళలా అధిక రక్షణ కాదు. తొలిదశ రోగులు 715 మందితో నెదర్లాండ్స్‌లో జరిపిన పోర్టెక్-1 అధ్యయనం ఈ కణాల గుంపుల గురించి కాకపోయినా ఇక్కడ గుర్తుంచుకోదగినది. 2000లో వెలువడిన దాని ఫలితాల ప్రకారం, రేడియేషన్ వల్ల కటిభాగంలో వ్యాధి తిరగబెట్టడం ఐదేళ్ళలో 14 శాతం నుంచి 4 శాతానికి తగ్గింది. ఆయుర్దాయం మాత్రం పెరగలేదు. అందుచేత కొందరి విషయంలో చికిత్స ఆపి గమనిస్తూ ఉండటం అశ్రద్ధ కాదు, ఆలోచించి తీసుకున్న నిర్ణయమే.

తేలని ప్రతి ఫలితం గురించీ డాక్టరును మూడు ప్రశ్నలు అడగవచ్చు: దీనివల్ల నా చికిత్స మారుతుందా? తనిఖీల వ్యవధి మారుతుందా? నా రక్తసంబంధీకులు చేయవలసింది ఏమైనా ఉందా? మూడింటికీ లేదన్న జవాబే వస్తే, ఆ ఫలితాన్ని నివేదికలోనే ఉండనివ్వవచ్చు. రక్తస్రావమో, విడవని పొత్తికడుపు నొప్పో కనిపిస్తే మాత్రం తరువాతి తనిఖీ తేదీ కోసం ఎదురుచూడకూడదు.