టికెట్టు లేని ప్రయాణికుడు: పసిపిల్లలతో ప్రయాణంలోని వాస్తవాలు

రవాణా వ్యవస్థలను రూపొందించేవారు 'ప్రయాణికుడు' అన్నప్పుడు వారి మనసులో ఉండేది తన కాళ్ల మీద తాను నిలబడగలిగే, తన సంచి తాను మోసుకోగలిగే, కాసేపు ఆకలిని ఓర్చుకోగలిగే వయోజనుడు. పసిబిడ్డ ఈ నిర్వచనంలోకి రాదు. పసిబిడ్డను వ్యవస్థ ఎలా లెక్కిస్తుందో, ఆ లెక్క వల్ల కుటుంబాలకు ఏమి ఎదురవుతుందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ముందుగా ఛార్జీల సంగతి చూడండి. ఆర్టీసీ బస్సులో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు. రైలులోనూ ఐదేళ్లలోపు వారికి టికెట్టు అక్కర్లేదు, కానీ విడిగా బెర్తు కూడా ఉండదు. విమానంలో రెండేళ్లలోపు బిడ్డ తల్లి ఒడిలో కూర్చుని, నామమాత్రపు ఛార్జీతో ప్రయాణిస్తుంది. ఇవన్నీ రాయితీలే, కాదనలేం. అయితే టికెట్టు లేదంటే చోటు కూడా లేదని అర్థం. బిడ్డకు కావలసిన చోటును తల్లి తన ఒడిలోంచే ఇవ్వాలి. రాత్రి రైలులో కింది బెర్తు అంచున ఒత్తిగిలి, బిడ్డను గోడవైపు పడుకోబెట్టి తెల్లవార్లూ కదలకుండా ఉన్న తల్లిని మీరు చూసే ఉంటారు. 2022 మే నెలలో లక్నో మెయిల్‌లో కింది బెర్తుకు మడతపెట్టే చిన్న పడకను ప్రయోగాత్మకంగా అమర్చినప్పుడు అది దేశమంతటా వార్త అయింది. ఒక చిన్న పలక వార్త అయిందంటే, అంతవరకు ఏమీ లేదన్నమాట.

మహేశ్వరం నుంచి విమానం దాకా

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న పనిచేయడం ప్రారంభించింది. అంతకుముందు మహేశ్వరం మండలం వారు నగరం దాటి బేగంపేట వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడు విమానాశ్రయం పొరుగునే ఉంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న కూతుళ్లు, కోడళ్లు పిల్లలను ఎత్తుకుని వచ్చిపోతుండటం ఈ ఊళ్లలో మామూలు విషయమైంది.

ఇలాంటి ప్రయాణంలో కాగితాల పని ముందు వస్తుంది. నెలల బిడ్డకైనా సొంత పాస్‌పోర్టు తప్పనిసరి. అమెరికాలో పుట్టి అక్కడి పాస్‌పోర్టు ఉన్న బిడ్డ అమ్మమ్మ ఇంటికి రావాలన్నా వీసా గాని, ఓసీఐ కార్డు గాని ఉండాలి. చాలామంది మరచిపోయే విషయం ఇంకొకటుంది. వచ్చేటప్పుడు ఇరవై మూడు నెలల బిడ్డ ఒడిలో కూర్చుని వస్తుంది. రెండు నెలలుండి తిరిగి వెళ్లేటప్పుడు రెండేళ్లు నిండి ఉంటాయి కాబట్టి సీటు కొనాలి.

ఇక బిడ్డ ఏడుపు. విమానంలో పసిబిడ్డ ఏడిస్తే చుట్టూ ఉన్నవారు తల్లి వైపు చూస్తారు, పెంపకం లోపమన్నట్టు. కారణం తరచుగా చెవిలో ఉంటుంది. ఎగిరే విమానం లోపల గాలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నంత ఉంటుంది. దిగేటప్పుడు అది మళ్లీ పెరుగుతుంది. చెవి మధ్యభాగాన్ని గొంతు వెనుక భాగంతో కలిపే సన్నని నాళం తెరుచుకుంటేనే లోపలి, బయటి పీడనాలు సమమవుతాయి. మనం గుటక వేసి, ఆవులించి దానిని తెరుస్తాం. పసిపిల్లలలో ఆ నాళం ఇంకా సన్నగా ఉంటుంది, పైగా గుటక వేయమని వారికి చెప్పలేం. అందుకే విమానం దిగడం మొదలుకాగానే పాలు పట్టడం మేలు. పట్టవలసింది నేలకు దిగే క్షణంలో కాదు, దానికి సుమారు అరగంట ముందు. ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్న అంతర్జాతీయ ప్రయాణాలలోనూ బిడ్డకు అవసరమైన పాలు తీసుకువెళ్లవచ్చు. తనిఖీ దగ్గర ముందే బయటకు తీసి చూపాలి.

ఎండాకాలం దారిలో దాహం వేస్తుందని నెలల బిడ్డకు నీళ్లు పట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. ఆరు నెలల లోపు, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు ఎండాకాలంలోనూ విడిగా నీళ్లు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాలు ఎక్కువసార్లు ఇస్తే చాలు.

ఒడి ఎంత భద్రం?

1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం కూలినప్పుడు అందులో ఒడి పిల్లలు నలుగురు ఉన్నారు. అప్పటి పద్ధతి ప్రకారం వారిని కాళ్ల దగ్గర నేల మీద పెట్టి పట్టుకోమని సిబ్బంది తల్లిదండ్రులకు చెప్పారు. నలుగురిలో ఒకరు మరణించారు. అలా చెప్పిన సిబ్బందికి నాయకత్వం వహించిన జాన్ బ్రౌన్ ఆ తరువాత ప్రతి బిడ్డకూ విడి సీటు, బెల్టు ఉండాలని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. ప్రమాదాలపై విచారణ జరిపే అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి కూడా అదే కోరింది. కానీ విమానయాన నియంత్రణ సంస్థ 2005లో అంగీకరించలేదు. బిడ్డకు కూడా సీటు కొనాలంటే చాలా కుటుంబాలు విమానం మాని కారులో వెళతాయని, రోడ్డు విమానం కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమని, అందువల్ల మొత్తం మీద ఎక్కువమంది చనిపోతారని దాని వాదన.

ఈ వాదనతో మీరు ఏకీభవించనక్కర్లేదు. నాకూ పూర్తిగా సమ్మతం కాదు. కానీ అందులోని ఒక అంశాన్ని మన మహేశ్వరానికి తెచ్చి చూడండి. ఈ ప్రయాణమంతటిలో బిడ్డకు ఎక్కువ ప్రమాదమున్న భాగం సముద్రం మీద కాదు, ఇంటికీ విమానాశ్రయానికీ మధ్య ఉంది. మహేశ్వరం గేటు దగ్గర శ్రీశైలం రహదారి ఎక్కి, తుక్కుగూడ మీదుగా శంషాబాద్ చేరే ఆ కొద్ది కిలోమీటర్లే. బైకు మీద వచ్చేవారికి అవుటర్ రింగు రోడ్డు ప్రధాన దారిలో ప్రవేశం లేదు, లారీలు తిరిగే సర్వీసు రోడ్డే గతి.

లెక్క వేసి చూద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికో తగిలి సెకనులో పదో వంతు కాలంలో ఆగిందనుకోండి. ఒడిలోని 10 కిలోల బిడ్డను పట్టి ఆపడానికి నూరు కిలోల బరువు మోసేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు. అందుకే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటులో గాని భద్రపరచకపోతే 1,000 రూపాయల జరిమానా విధించింది. ద్విచక్ర వాహనాలకు 2022లో ప్రకటించిన నిబంధన 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల వరకు పిల్లలకు హెల్మెట్టు, నడిపేవారికి కట్టే రక్షణ పట్టీ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటరాదు. ఆ పట్టీ అమ్మే దుకాణం మీ ఊళ్లో ఉందేమో ఒకసారి వెతకండి.

నేను చట్టం తెలియనివాడినేం కాదు. అయినా కొన్నేళ్ల క్రితం అర్ధరాత్రి దిగిన నా కూతురు "నాన్నా, పాపకు కారు సీటు తెచ్చావా?" అని అడిగినప్పుడు, "ఎంత దూరం బిడ్డా, అరగంటలో ఇంట్లో ఉంటాం" అన్నాను. పద్నాలుగు నెలల మనుమరాలిని ముందు సీటులో నా ఒడిలోనే కూర్చోబెట్టుకున్నాను. కూతురు వెనుక సీటులోంచి దారి పొడవునా డ్రైవరుకు "నెమ్మదిగా" అని చెబుతూనే ఉంది. అప్పుడు నాకు చిరాకు వేసింది.

కృత్యం: మీ ఊరి బస్‌స్టాపులో గాని, కూడలిలో గాని ఒక గంట నిలబడండి. ఐదేళ్లలోపు పిల్లలు ఎంతమంది, ఏ వాహనంలో, ఎవరి ఒడిలో వెళ్లారో, ఎంతమందికి సీటు గాని, బెల్టు గాని, హెల్మెట్టు గాని ఉందో నమోదు చేసి, మీ పరిశీలనను తదుపరి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.