మా యింటి అంబాసిడరు

వంటలను, కుట్టుపనిని, శిశుపోషణమును గూర్చి చదువుచుండు మీకు మోటారుకారు ఇంజనును గూర్చి యొక గృహిణి వ్రాయుట వింతగా తోపవచ్చును. నిరుడు వేసవి వరకు ఆ బోనెట్టు క్రింద నేమున్నదో నాకును తెలియదు. జనగామలో మాయింటి వెనుక రేకుల కొట్టములో 1972వ సంవత్సరపు అంబాసిడరు కారొకటి పండ్రెండేండ్లుగా కదలక పడియుండెను. మామగారు గతించిన పిదప దానిని నడపువారు లేరైరి. వెనుకసీటులో కోళ్ళు గ్రుడ్లు పెట్టినవి. ముందుభాగమున ఎలుకలు తీగలు కొరికినవి. మాఘమాసమున పాత ఇనుము కొనువాడొకడు వచ్చి 25 వేల రూపాయలిత్తు ననెను. మావారును మరిదియు సమ్మతించిరి.

అత్తగారేమియు ననలేదు. మెల్లగా కొట్టములోనికి పోయి, కారు ముందుదీపమును కొంగుతో తుడిచి వచ్చి, మంచముపై గోడవైపు తిరిగి పండుకొనెను. 1986లో మా ఆడబిడ్డకు ప్రసవము కష్టమైన రాత్రి, జోరువానలో, మామగారామెను ఆ కారులోనే వరంగల్లు ఆసుపత్రికి చేర్చిరి. త్రోవపొడవునను కూతురి తల తన తొడపై నుంచుకొని కూర్చున్నది అత్తగారే. ఆ బిడ్డ నేడు ముప్పది యెనిమిదేండ్ల వాడు. ఇవియన్నియు నెరిగియు ఇనుము ధరకు నెట్లిత్తుము? "ఆరుమాసములు గడువిండు. అప్పటికిని కదలకున్న మీయిష్టము" అంటిని. మావారు నవ్విరి, నవ్వియు గడువిచ్చిరి.

ఈ కారు చరిత్ర కొంత చెప్పవలెను. హిందూస్థాన్ మోటార్సు సంస్థ 1942లో స్థాపితమయ్యెను. బ్రిటిషు వారి మోరిస్ ఆక్స్ఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గొని, కలకత్తా సమీపమున ఉత్తరపాడా కర్మాగారమున 1950వ దశకము చివర అంబాసిడరును తయారు చేయ నారంభించిరి. 2014 మే నెలలో ఆ తయారీ నిలిచిపోయెను. మా బండిలోనిది 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. గాలిని పెట్రోలును కలిపి పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను విడుచుట, ఈ నాలుగు పనులనే అది వంతులవారిగా చేయుచుండును. అంతకుమించిన మాయ యేమియు లేదని మా పెద్దన్న మొదటనే చెప్పినాడు.

పెద్దన్న భూపాలపల్లి బొగ్గుగనులలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి గొనినవాడు. పాలిటెక్నిక్కులో చదువు మా అమ్మాయి రెండవ మనిషి. నేను మూడవదానను. ఆడుది గ్రీజులో చేయి పెట్టుటయా యని వీథిలో కొందరు వెక్కిరించిరి. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజు అను ఇల్లాలు భర్తకు చెప్పక ఇద్దరు కుమారులతో ఆయన నిర్మించిన మోటారుబండి నెక్కి, మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైగా నడపినది. దారిలో పెట్రోలు గొట్టము పూడుకొనగా తన టోపీసూదితో పొడిచి బాగుచేసుకొనెను. ఇంధనము తరుగగా మందుల దుకాణములో కొనెను. లోకమున మొదటి దూరప్రయాణము చేసినది ఒక స్త్రీ, దారిమధ్యమున మరమ్మతు చేసినదియు నామెయే. ఈ కథ వినిపించిన పిదప మావారు కొట్టములోనికి విద్యుద్దీపము వేయించిరి.

పనికి పూనుకొనగానే స్టార్టు చేసి చూడవలెనని ఎవరికైనను తోచును. అన్న వలదనెను. ప్లగ్గులు విప్పి ఒక్కొక్క రంధ్రమున కొంచెము నూనె పోసి నాలుగురోజు లుంచి, ముందునుండి హ్యాండిలు పెట్టి చేతితో త్రిప్పితిమి. బిగుసుకొనియుండక తిరిగినది. మరల ప్లగ్గులు బిగించి త్రిప్పగా రెండు సిలిండర్లు చేతికి ఎదురుత్రోపు నిచ్చినవి. నడుమనున్న రెండును నీరసముగా తిరిగినవి. నూనె కొలుచు కడ్డీ తీసి చూతుముగదా, నల్లని నూనెకు మారు తెల్లని మజ్జిగ! ఇంజనుకు చలువనిచ్చు నీరు నూనెలో కలిసినదన్నమాట.

కారణము మనకు సుపరిచితమే. ప్రెషరు కుక్కరు మూతకు రబ్బరు గ్యాస్కెట్టు ఎట్టిదో, సిలిండర్ల దిమ్మెకును పైనున్న హెడ్డుకును నడుమ గ్యాస్కెట్టు అట్టిది. అది కాలిపోయినచో నొక్కిన గాలి ప్రక్క సిలిండరులోనికి, నీరు నూనెలోనికి పోవును. కుక్కరులో అన్నము ఉడుకదు. ఇక్కడ బేరింగులు అరిగిపోవును. స్టార్టు చేసియుండిన ఇంజను ఆనాడే నాశనమయ్యెడిది.

ఇంజనును దింపుట మాకు పెద్ద గండము. ముగ్గురు నలుగురు పురుషులు చేతులతో లేపగల బరువు కాదది. మావైపు రైతులు బోరుబావి నుండి మోటారు పైకిలాగుటకు మూడుకాళ్ళ ఇనుపస్తంభమును, చైను పుల్లీని వాడుదురు. దానినే అద్దెకు తెచ్చితిమి. దింపుటకు ముందు అమ్మాయి ప్రతితీగకును గొట్టమునకును కాగితపుచీటీ కట్టి, ఫోనులో ఛాయాచిత్రములు తీసెను. విప్పిన బోల్టులను ఊరగాయ జాడీల వరుసలోని ఖాళీ సీసాలలో వేసి, పైన పేర్లు వ్రాసితిని. ఈ యొక్క విషయమున మాత్రము మన ఇల్లాండ్రకు మెకానిక్కులకంటె నేర్పెక్కువ యని నా నిశ్చితాభిప్రాయము.

ఇక నా తెలివితక్కువ సంగతి. నూనెజిడ్డు వదలునని కాస్టిక్ సోడా నీటిని కాచి, అందు చిన్న సామానులన్నియు వేసితిని. ఇనుప సామాను తళతళ మెరసెను. కార్బొరేటరు అల్యూమినియపు మిశ్రలోహమని నాకు తెలియదు. అది బుసబుస పొంగి, నల్లబడి, అరగంటలో గుంటలు పడి పనికిరాకుండ పోయెను. ఆ పొంగునప్పుడు వచ్చునది హైడ్రోజను వాయువట, పొయ్యి ప్రక్కనే! అన్న నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ వ్రాయరాదు. అల్యూమినియమును కిరసనాయిలుతో, మెత్తని బ్రష్షుతోనే కడుగవలెను. పెట్రోలుతో కడుగుట మరియు ప్రమాదము. దాని ఆవిరి నేలబారున ప్రాకి దూరపు నిప్పును కూడ అందుకొనును. కొత్త కార్బొరేటరునకు సికిందరాబాదు రాణిగంజు పోవలసివచ్చినది.

అంతకంటె పెద్దదెబ్బ వేరొకటి. హెడ్డును వరంగల్లు లేతు షాపునకు పంపగా, రెండు వాల్వులకు నడుమ బీట కలదనిరి. గడువులో నాలుగునెలలు గడచెను. మరిది, "వదినే, ఇక చాలు, వానికి ఫోను చేస్తున్న" అనెను. ఆరాత్రి నాకు నిద్రపట్టలేదు.

మరునాడు మానుకోటకు, అనగా నా పుట్టినూరగు మహబూబాబాదునకు పోతిని. మా నాన్న యింటి కెదురింటివారు పూర్వము అంబాసిడరు టాక్సీ నడపినారు. వారి మిర్చి కొట్టులో బస్తాల వెనుక హెడ్డొకటి గోనెలో చుట్టి యుండెను. ఎంత చెప్పినను సొమ్ము పుచ్చుకొనరైరి. "కారు నడిస్తే ఒకసారి ఎక్కించుకో బిడ్డా" యని పెద్దమ్మ యనెను. ఆ గోనెతోనే రైలెక్కితిని. కాజీపేట దాటువరకు మా పెట్టెలోనివారందరు తుమ్ములే తుమ్ములు! మానుకోట మిరప ఘాటు అట్టిది.

ఈ హెడ్డునకు బీట లేదు. కాని మరియొక పని తప్పలేదు. పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. అది వాల్వులు కూర్చుండు చోట్ల పలుచని పూతవలె నిలిచి అరుగుదలను తగ్గించెడిది. ఆరోగ్యమునకు, విశేషించి శిశువుల మెదడునకు హానికరమని 2000 సంవత్సరము ఫిబ్రవరి నుండి దేశమంతట సీసము లేని పెట్రోలునే విక్రయించుచున్నారు. మంచిపనియే, కాని పాత ఇంజనులలో వాల్వు సీట్లు మెత్తనివగుటచే కాలక్రమమున లోనికి అరిగిపోవును. కావున గట్టి ఉక్కు వలయములు దిగగొట్టించితిమి. నేటి పెట్రోలులో కలుపు ఇథనాలు పాత రబ్బరును తినివేయును గనుక, పెట్రోలు గొట్టములన్నియు క్రొత్తవే వేసితిమి. సిలిండర్లు అరిగియుండగా 30 సైజునకు, అనగా అంగుళములో వేయింట 30 వంతులు పెద్దదిగా బోరు చేయించి, దానికి సరిపోవు పిస్టన్లు, రింగులు తెచ్చితిమి.

ఇంజను దిగియుండగా ఆ ఖాళీ గూడును శుభ్రము చేయుట నా వంతు. బ్యాటరీ పళ్ళెము క్రింద ఆమ్లము కారి రేకు తుప్పుపట్టియుండెను. వంటసోడా నీటిలో కలిపి పోయగా పొంగి, పొంగుట ఆగినప్పుడు ఆమ్లము విరిగినదని తెలిసెను. ఇనుపబ్రష్షుతో తుప్పు గీకి, ఎమరీ కాగితము రుద్ది, ప్రైమరు వేసి, పైన తెల్లరంగు వేసితిమి. ఎలుకలు కొరికిన తీగలన్నియు మార్చి, ఫ్యూజులు పెట్టించితిమి. రేడియేటరులో మా బోరునీటి ఉప్పు రాయివలె గట్టిపడియుండెను; నిమ్మఉప్పు నీటితో రెండుసార్లు కడిగితిమి. దాని పైతొట్టి యిత్తడిది, సొట్టపడి అతుకు విడియుండెను. ఇత్తడి రేకుపనికి ప్రసిద్ధమైన పెంబర్తి మాకు కూతవేటు దూరము. దేవతల మకరతోరణములు కొట్టు శిల్పియొకరు దానిని ఒడిలో పెట్టుకొని, చిన్నసుత్తితో మెల్లమెల్లగా సొట్టతీసి అతికియిచ్చెను. నేను చింతపండుతో తోమితిని. ఇప్పుడది మా పూజగదిలోని చెంబుకంటె మెరయుచున్నది.

వాల్వుల సందు సరిచేయుటలో ఒక ముచ్చటైన లెక్క కలదు. ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెరచియున్నప్పుడు మొదటిదానిని, ఏడవది తెరచినప్పుడు రెండవదానిని సరిచూడవలెను. రెండంకెలును కలిపిన తొమ్మిది కావలెను. అత్తగారు మంచముపై నుండి "ఎనిమిదికి ఒకటి, ఏడుకు రెండు" అని అప్పగించుచుండగా అమ్మాయి సందులు కొలిచినది.

భాద్రపదమున ఇంజను మరల గూటిలో కూర్చున్నది. ప్లగ్గులు లేకుండ త్రిప్పి నూనె ఒత్తిడి ముల్లు లేచినదాక చూచి, ప్లగ్గులు బిగించి స్టార్టు చేసితిమి. ఫెళ్ళున ఒక్క పేలుడు! మావారు రెండడుగులు వెనుకకు దుమికిరి. మంట అందవలసిన వరుస 1, 3, 4, 2. తీగలు రెండు తారుమారైనవని అమ్మాయి కనిపెట్టి మార్చెను. రెండవసారి త్రిప్పగా కొంత దగ్గి, తెల్లని పొగ వదలి, పిమ్మట కుదురుగా నడువసాగెను. అత్తగారు అప్పటికే చెప్పులు తొడుగుకొని వాకిట నిలుచుండెను. ఇంజను వేడెక్కి చల్లారిన పిదప హెడ్డు నట్లు మరల బిగింపవలెనని అన్న ఆమెను మరునాటివరకు ఆపుటకు తాతలు దిగివచ్చిరి.

ఖర్చు మొత్తము 94 వేలైనది; ఇనుపవాడిచ్చెడి దానికి దాదాపు నాలుగింతలు. ఈ సంచిక మావారు చదువకుందురుగాక! ఏబదియేండ్లు నిండిన బండ్లకు 2021 నాటి కేంద్ర నియమములచే వేరు రిజిస్ట్రేషను కలదుగాని, వానిని ప్రదర్శనములకు తప్ప నిత్యము నడపరాదు. మాకు బండి దిరుగవలెను గనుక మామూలు రిజిస్ట్రేషనునే పునరుద్ధరించుకొంటిమి.

మొదటి ప్రయాణము పాలకుర్తి సోమేశ్వరుని గుట్టకు. గంటకు 40 కిలోమీటర్లు దాటరాదని అన్న కట్టడి చేసినాడు. మానుకోట పెద్దమ్మను కూడ ముందురోజే రప్పించితిమి. ఇద్దరు ముసలమ్మలును వెనుకసీటులో నెక్కి, దారిపొడవునను ఒకరిమాట ఒకరు వినక మాటలాడిరి. అత్తగారు మాత్రము దిగునప్పుడు సీటును ఒకసారి అరచేతితో తడవి, "ఇక్కడనే పండుకున్నది పిల్ల" అనెను.

ఇంటికి వచ్చి కొట్టములో నిలుపగా, ఇంజను వెనుకభాగమునుండి నూనె బొట్లుబొట్లుగా కారుచుండెను. ఈజాతి ఇంజనులకిది పుట్టుకతో వచ్చిన గుణమని అన్న యనెను. ఇప్పుడు దాని క్రింద మా పాత అట్లపెనమొకటి పెట్టియున్నాము.