"జాజ్" ఎవరు పెట్టిన పేరు?

"మామయ్యా! జాజ్ అంటే అర్థమేమిటి?" అని మొన్న మా మేనల్లుడు అడిగాడు.

నేను తడుముకోకుండా చెప్పేశాను: "అమెరికాలో జాస్బో బ్రౌన్ అని ఒక నల్లజాతి వాద్యగాడు ఉండేవాడు. 'ఇంకా వాయించు, జాస్బో!' అని జనం కేకలు వేసేవారు. ఆ పేరే పొట్టిదై జాజ్ అయింది."

కుర్రవాడు సంతోషించి వెళ్ళాడు. నాకే అనుమానం పుట్టి పుస్తకాలు తిరగేశాను. తీరా చూస్తే, నేను చెప్పింది ఉత్త కట్టుకథ! అటువంటి మనిషి ఉన్నట్టు ఆధారమే లేదు.

ఈ మాట మొదట వినబడింది కచేరీలో కాదు, ఆటస్థలంలో. 1912 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలస్ పత్రిక ఒకటి బెన్ హెండర్సన్ అనే బేస్‌బాల్ ఆటగాడి గురించి రాసింది. తాను విసిరే వంకరబంతికి అతడు పెట్టుకున్న పేరు "జాజ్ బంతి". మరుసటి ఏడు శాన్‌ఫ్రాన్సిస్కో "బులెటిన్" పత్రిక క్రీడావిలేఖరులు ఆ మాటను హుషారు, చేవ అన్న అర్థంలో వాడసాగారు. 1860 నాటి ఒక అమెరికన్ నవలలో చురుకుదనానికి "జాజ్మ్" అన్న మాట ఉంది. దీనికి అదే మూలమై ఉంటుందని పలువురు పండితుల ఊహ.

1915లో షికాగో పత్రికలో ఆ మాట సంగీతానికి అంటుకుంది. 1917లో న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన ఐదుగురు తెల్లవారు "ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్" పేరిట న్యూయార్కులో రికార్డు ఇచ్చారు. ఆ ఏడే "జాస్" కాస్తా "జాజ్" అయింది.

ఇక్కడే నా మనసు చివుక్కుమంది. ఆ సంగీతానికి ప్రాణం పోసినవారు న్యూ ఆర్లియన్స్ నల్లవారు. 1900 ప్రాంతంలో బడ్డీ బోల్డెన్ కార్నెట్ ఊదుతున్నప్పుడు దానిని ఎవరూ జాజ్ అనలేదు, రాగ్‌టైమ్ అనేవారు. జాజ్ తెల్లవాళ్ళు పెట్టిన పేరని సిడ్నీ బెషే 1960లో వెలువడిన స్వీయచరిత్రలో చెప్పుకున్నాడు. డ్యూక్ ఎల్లింగ్టన్‌కూ ఆ ముద్ర రుచించలేదు. కన్నది ఒకరు, బారసాల చేసింది ఇంకొకరు! అయినా పేరు నిలిచిపోయింది. 2000లో అమెరికన్ డయలెక్ట్ సొసైటీ ఇరవయ్యో శతాబ్దపు మాటగా దానినే ఎంచింది.

మేనల్లుణ్ణి పిలిచి అసలు సంగతి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మొదటి కథే బాగుంది, మామయ్యా!" అన్నాడు.

నిజమే. ఆ కథలో పేరు వాయించినవాడిది.